కొండ మీది నుంచి ఊరి దీపాలు



రాత్రివేళ నగర దీపాలను ఫోటో తీయాలంటే ఎత్తు కావాలి. కింద కళ్ళలో పొడిచే దీపాలే పైనుంచి వీధుల వరుసలై కనిపిస్తాయి. మన మోకాళ్ళకు విశాఖ కైలాసగిరి అనుకూలం, పైదాకా రోడ్డుంది. తీరం వెంట దీపాల వంపు కనిపిస్తుంది.

వెలుగుండగానే చేరి చోటు చూసుకోండి. సూర్యాస్తమయమైన 20, 30 నిమిషాలకు ఆకాశంలో ఇంకా నీలిరంగు ఉంటుంది; అదే అదను. కెమెరాను స్టాండుకు బిగించి, టైమరు పెట్టి, కొన్ని సెకన్లు తెరిచి ఉంచండి. చేయి కదిలితే బొమ్మ చెదురుతుంది. ఒంటరిగా వెళ్ళవద్దు; టార్చి మరువవద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళాన్ని చీకటిలో ముంచాయి. స్తంభాలెక్కి ఆ వెలుగును తిరిగి తెచ్చింది విద్యుత్ కార్మికులే. మనుమలకు ఫోటో చూపేటప్పుడు ఈ మాటా చెప్పండి.