బోరు నీళ్ళ సీసాతో యూనివర్సిటీకి

వెనుక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మన పాటల గురించి, ఆటల గురించి చెప్పడానికి మాకంటే తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మేము హాస్టల్ పిల్లల చదువు చూసేవాళ్ళం. అందుకే చదువు గురించే మాట్లాడతాం. తీజ్ పండుగకు మన ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్ళు పోస్తారు కదా, ఆ నీళ్ళ గురించి అనుకోండి.

ఇంటర్ అయిపోయిన పిల్లలు మా దగ్గరికి వచ్చి 'మేడం, ఇగ ఏం చదవాలె' అని అడుగుతారు. నర్సింగ్, బీఈడీ, పోలీసు కొలువు. ఈ మూడు దాటి మాట రాదు. అవి తక్కువ చదువులేమీ కావు, మేమూ టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చినవాళ్ళమే. ఈ రోజు మాత్రం ఇంకో పేరు చెప్తాం: పర్యావరణ శాస్త్రం. గాలి, నీరు, నేల ఎంత పాడయ్యాయో, ఎందుకు పాడయ్యాయో కొలిచి చెప్పే చదువు ఇది. డిగ్రీలో అందరికీ ఈ పేపరు ఒకటి ఉంటుంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పడం వల్లనే అది మన పుస్తకాల్లోకి వచ్చింది. మన పిల్లలేమో పరీక్షకు ముందు రాత్రి గైడు తిరగేసి పాసైపోతారు.

మా హాస్టల్‌లో చదివిన ఒక అమ్మాయి అట్లా వదిలేయలేదు. బీఎస్సీలో ప్రాజెక్టు కోసం వాళ్ళ తండా బోరు నీళ్ళు పట్టుకుపోయింది. ఇంట్లో దొరికిన గాజు సీసాలో పట్టింది. ఏం సీసానో మీరే ఊహించుకోండి. సారు నవ్వి వెనక్కి పంపారు. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది, లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్ సీసాను అదే బోరు నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపాలి. మళ్ళీ బస్సెక్కి తండాకు పోయి తెచ్చింది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆమె తెచ్చిన నీళ్ళు ఆ హద్దు దాటాయి. చూస్తే తేటగా ఉంటాయి, వాసన రాదు, రుచి మారదు. మన నల్లగొండ గ్రానైటు రాళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంది, అది కరిగి నీటిలో కలుస్తుంది. మరిగిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు ప్రపంచంలోని పుస్తకాల్లోకి ఎక్కింది ఇట్లా, ఏం చేస్తాం. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా వస్తోంది. నల్లా రాని రోజు మళ్ళీ బోరే కదా.

ఆ అమ్మాయి పీజీ చేస్తానంటే వాళ్ళ నాన్న మా దగ్గరికి వచ్చాడు. 'నీళ్ళల్ల ఏమున్నదో తెలిస్తే కొలువొస్తదా మేడం?' అన్నాడు. వస్తుందన్నాం. కాలుష్య నియంత్రణ మండలిలో, నీటి పరీక్షల ల్యాబుల్లో పనులుంటాయి. ఎక్కువ కొలువులు మాత్రం కంపెనీల్లోనే. అది దాచకుండా చెప్పాం.

అన్నట్టే పీజీ అయ్యాక ఒక కంపెనీలో మురుగునీళ్ళు శుద్ధి చేసే చోట పని వచ్చింది. వాసన వస్తోందని తండావాళ్ళు తిట్టుకునే కంపెనీయే. 'పోవాల్నా మేడం?' అని ఫోన్ చేసింది. మాకు వెంటనే జవాబు తోచలేదు. లోపల మన మనిషి ఉంటే మంచిదే అనుకున్నాం. పో బిడ్డా, వచ్చిన అంకె మాత్రం మార్చకు అని చెప్పాం.

ఆరు నెలలకు తిరిగొచ్చింది. నమూనా తీసే ముందు మంచినీళ్ళు కలపమన్నారట. అట్లా కలిపితే బీఓడీ, అంటే నీళ్ళలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్, తక్కువ చూపిస్తుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళను వాగులోకి వదలకూడదు. కలపనంది, సంతకం పెట్టనంది. కొలువు పోయింది. కొన్నాళ్ళు వాళ్ళ నాన్న మాతో మాట్లాడలేదు. ఆ ఇంటికి ఆ జీతం ఎంత అవసరమో మాకు తెలుసు. మా సలహా సరైనదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు ఆమె అంతకంటే తక్కువ జీతానికి ఒక నీటి ల్యాబులో చేస్తోంది.

ఇదంతా తెలిసి కూడా ఈ చదువు చదవమని ఎందుకంటున్నాం? నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం గనుల మీద 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తండాల జనం వద్దని గట్టిగా చెప్పారు. 2019లో అమ్రాబాద్ అడవుల్లో చెంచులు, వాళ్ళతోపాటు ఎందరో నిలబడితే, సెప్టెంబరులో శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. గొంతు మనకు ఉంది. అయితే 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇట్లాంటి సభకు కనీసం 30 రోజుల ముందే ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. అసలు నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలు, అంతా పట్టికలే. ఏ బోరు నీళ్ళు ఎప్పుడు తీశారు, ఎండాకాలంలోనా వానాకాలంలోనా, మన తండా బోరు అందులో ఉందా లేదా? ఆ 30 రోజుల్లో చదివి అడిగేవాళ్ళు తండాకు ఒక్కరన్నా ఉండాలి కదా.

ఇంటర్‌లో బైపీసీ, ఎంపీసీ చదివేవాళ్ళు డిగ్రీలో కెమిస్ట్రీ వదలకండి, తర్వాత ఈ పీజీకి అది అక్కరకొస్తుంది. ఉస్మానియాలో పర్యావరణ శాస్త్రం విభాగం ఉంది, పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తు నింపడం రాకపోతే చిట్యాలలో మా హాస్టల్‌కు రండి, కూర్చోబెట్టి నింపిస్తాం.

ఆ అమ్మాయి సెలవుల్లో మా దగ్గరికి వస్తుంటుంది. మీ తండా బోరు నీళ్ళు పరీక్ష చేయించాలనుకుంటే తెచ్చి ఇవ్వండి, ల్యాబుకు తీసుకుపోతానంది. సీసా మీద తండా పేరు, తేదీ, బోరు ఎన్ని ఫీట్ల లోతో రాయండి. గాజు సీసా మాత్రం తేకండి.