ఆరని నాదము

నగరమునుండి రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటినచో పాలకొల్లు. 1969లో అచ్చట జన్మించి, 2014లో దివంగతులైన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక కచేరీలో మాండొలిన్‌కు పీట వేసిరి. సాధారణమైన మాండొలిన్‌పై మీటిన స్వరము త్వరగా ఆరిపోవును. గమకమునకు వ్యవధి చాలదు. అందువలన ఆయన ఐదు ఒంటి తంత్రుల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టిరి.

1995లో కెనడా దేశపు గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన వెలువరించిన "డ్రీమ్" అను ఆల్బమునందు ఆ స్వరము మరింత దీర్ఘమైనది. నాదమును ఎంతసేపైనను నిలుపు గిటారును రూపొందించినవాడు బ్రూక్. కల్పనాస్వరముల ఉరవడి కోరు రసికునకు ఇందు ఆశాభంగము కలుగవచ్చును. తొలిసారి నాకును కలిగినది. పిమ్మట ఒక రాత్రి ధ్వని బాగుగా తగ్గించి వింటిని. మాండొలిన్ ఎచ్చట ఆగెనో, యంత్రనాదము ఎచ్చట అందుకొనెనో తెలియరాలేదు. మరల మొదటినుండి పెట్టితిని.