ఏ పింఛన్ ఏ గడిలో

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జిల్లాలు. రిటైరైనవాళ్లు మూడు చోట్లా ఉన్నారు. వాళ్లకు పింఛన్ వచ్చే దారులు మాత్రం వేరు. జనగామలో సర్కారు బడి టీచర్‌గా దిగిపోయిన సారుకు ట్రెజరీ నుంచి వస్తుంది. కాజీపేట–డోర్నకల్ లైన్ మీద రైలు గార్డుగా పనిచేసి మహబూబాబాద్‌లో స్థిరపడిన మనిషికి బ్యాంకు కేంద్ర పింఛన్ విభాగం లెక్కగట్టి ఖాతాలో వేస్తుంది. భూపాలపల్లి బాయిల్లో బొగ్గు తీసిన సింగరేణి కార్మికునికి 1998 నాటి బొగ్గు గనుల పింఛన్ పథకం కింద కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ఇస్తుంది. ముగ్గురి చేతికీ ఏటా వచ్చే కాగితాలు పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి. ఆదాయపు పన్ను రిటర్నులు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

దెబ్బతినడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. అమెరికాలో ఆన్‌లైన్‌లో పంపిన రిటర్నులో తప్పుంటే కంప్యూటరు గడప దగ్గరే తిప్పికొడుతుంది. అక్కడ రైల్వే పింఛన్‌కు ఒక ఫారం, ఫెడరల్ ఉద్యోగి పింఛన్‌కు ఇంకొకటి, ప్రైవేటు పింఛన్‌కు మరొకటి ఉంటాయి. ఒకదాని అంకెలు ఇంకొకదాని చోట ఎక్కించి తిప్పలు పడేవాళ్లు అక్కడా ఉన్నారు. మన దగ్గర పద్ధతి వేరు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ రిటర్నును తీసుకుంటుంది, రసీదు ఇస్తుంది. ఆ తర్వాత బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ సెంటర్ దాన్ని పరిశీలించి, లోపం కనిపిస్తే సెక్షన్ 139(9) కింద నోటీసు పంపుతుంది. సరిచేయడానికి 15 రోజుల గడువు ఉంటుంది. కావాలంటే గడువు పెంచమని అడగవచ్చు. రెండూ చేయకుండా ఊరుకుంటే ఆ రిటర్ను చెల్లదు, అసలు వేయనట్టే లెక్క. రీఫండు ఆగిపోతుంది, ఆలస్య రుసుము మీద పడుతుంది.

ఆ 15 రోజులు తెలియకుండానే గడిచిపోయేది ఎందరికో. రిటర్ను వేసిపెట్టిన ఇంటర్నెట్ సెంటర్ వాళ్లదో, హైదరాబాద్‌లో ఉన్న మనవడిదో ఫోన్ నంబరు, ఈమెయిల్ పోర్టల్‌లో ఉంటాయి. నోటీసు అక్కడికి పోతుంది. పెద్దాయనకు చేరదు. అందుకే ప్రతి పింఛనుదారూ ముందుగా చేయాల్సిన పని, పోర్టల్‌లో తన సొంత నంబరు పెట్టుకోవడం. మిగతావన్నీ దీని తర్వాతే.

మహబూబాబాద్ రైల్వే పింఛనుదారు సంగతి చూద్దాం. పింఛన్ మీద పన్ను పట్టిన బ్యాంకు ఆయనకు ఫారం 16 ఇస్తుంది. అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే, దాని వడ్డీ మీద పట్టిన పన్నుకు ఫారం 16ఎ ఇస్తుంది. రెండింటి మీదా అదే బ్యాంకు పేరు, ఆయనదే పాన్ నంబరు. కానీ మొదటిది జీతం కిందికి వచ్చే ఆదాయం, సెక్షన్ 192. రెండోది ఇతర ఆదాయం, సెక్షన్ 194ఎ. పన్ను పట్టిన కార్యాలయాన్ని గుర్తుపట్టించే ట్యాన్ నంబరు కూడా రెండింటికీ వేరుగా ఉండవచ్చు. బ్యాంకు పేరు చూసి రెండూ ఒకటేననుకుని, వడ్డీని వదిలేసి దాని మీది పన్నును మాత్రం క్లెయిమ్ చేస్తే లోపం పడుతుంది. పన్ను కోత చూపించి ఆదాయం చూపించకపోవడం చట్టం ప్రకారమే లోపం. కాబట్టి చూడాల్సింది బ్యాంకు పేరు కాదు, సెక్షన్ నంబరు, ట్యాన్ నంబరు. పట్టిన పన్నుల పట్టికైన ఫారం 26ఎఎస్‌ను పక్కన పెట్టుకుని వరసగా పోల్చితే పది నిమిషాల్లో తేలుతుంది.

జనగామ సారు కథలో చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది, ముఖ్యంగా రిటైరైన ఏడాదిలో. 2024-25లో సెప్టెంబరు ఆఖరున దిగిపోయిన ఒక టీచరును ఊహించుకుందాం. ఆరు నెలల జీతం రూ.6,00,000. తర్వాత ఆరు నెలల పింఛన్ రూ.2,40,000. కొత్త పన్ను విధానంలో జీతమిచ్చిన ఆఫీసు రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి రూ.5,25,000 ఆదాయం చూస్తుంది. 7 లక్షల లోపే కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. ట్రెజరీ కూడా తన వంతుగా రూ.75,000 తీసేసి రూ.1,65,000 చూస్తుంది. అక్కడా సున్నా. రెండు ఫారం 16లూ సున్నా చూపిస్తున్నాయని సారు నిశ్చింతగా ఉంటారు. రెండింటినీ యథాతథంగా కూడితే రూ.6,90,000 అవుతుంది కాబట్టి పన్ను లేదనే అనిపిస్తుంది.

కానీ స్టాండర్డ్ డిడక్షన్ మనిషికి ఏడాదికి ఒక్కసారే. అసలు మొత్తం రూ.8,40,000, అందులోంచి రూ.75,000 తీసేస్తే రూ.7,65,000. 7 లక్షలు దాటింది, రిబేటు పోయింది. పన్ను రూ.26,500, సెస్సుతో కలిపి రూ.27,560. ఏ ఆఫీసూ తప్పు చేయలేదు. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదంతే. రిటైరైన వెంటనే పాత జీతం వివరాలను ట్రెజరీకి రాసి ఇస్తే పన్ను నెలనెలా కొంచెం కొంచెంగా తెగిపోయేది. 2025-26 నుంచి రిబేటు పరిమితి 12 లక్షలకు పెరిగినందువల్ల చాలామందికి ఈ బాధ తప్పింది. పెద్ద జీతంతో దిగిపోయేవాళ్లకు మాత్రం తప్పలేదు.

బకాయిల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పీఆర్సీ, డీఏ బకాయిలు ఒక్కసారిగా చేతికొచ్చినప్పుడు సెక్షన్ 89 కింద ఊరట ఉంటుంది. దానికి ఫారం 10ఇ ఆన్‌లైన్‌లో రిటర్ను కంటే ముందే వేయాలి. అది వేయకుండా రిటర్నులో ఊరట రాసుకుంటే కొట్టేస్తారు.

భూపాలపల్లిలో రెండు ప్రశ్నలు ఎక్కువ గందరగోళపెడతాయి. మొదటిది సెలవుల నగదు. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అయినా సింగరేణి కంపెనీయే, ప్రభుత్వ శాఖ కాదు. రిటర్నులో ఉద్యోగం ఏ రకమని అడిగే చోట కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు, రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారు, ప్రభుత్వరంగ సంస్థ పింఛనుదారు అని విడివిడిగా ఉంటాయి. ఆ గడిలో రాష్ట్ర ప్రభుత్వం అని నొక్కి, సెలవుల నగదు మొత్తానికీ మినహాయింపు రాసుకుంటే పొసగదు. పరిమితి లేని మినహాయింపు ప్రభుత్వ ఉద్యోగికే. కంపెనీ ఉద్యోగికి 2002 నుంచి రూ.3 లక్షల పరిమితి ఉండేది, 2023 ఏప్రిల్ 1 నుంచి రూ.25 లక్షలైంది.

రెండోది కుటుంబ పింఛన్, ఇది మరీ ముఖ్యం. బాయిలో పనిచేసిన భర్త పోయాక భార్యకు వచ్చే పింఛన్ జీతం కాదు. ఆమె ఎవరి దగ్గరా ఉద్యోగం చేయలేదు కదా. అది ఇతర ఆదాయం కిందికి పోవాలి. నెలకు రూ.30,000 చొప్పున ఏడాదికి రూ.3,60,000 వస్తే, అందులో మూడో వంతు, లేదా కొత్త విధానంలో రూ.25,000, పాత విధానంలో రూ.15,000, ఏది తక్కువైతే అది తీసేస్తారు. కొత్త విధానంలో మిగిలేది రూ.3,35,000. దాన్ని జీతం గడిలో రాస్తే రూ.75,000 తగ్గి రూ.2,85,000 కనబడుతుంది. భర్త పింఛన్ ఉన్నన్నాళ్లూ ఆయన రిటర్ను ఎలా వేశారో చూసి, అదే నమూనాలో ఆమెకూ వేసేస్తుంటారు. ఆ తప్పు ఏటా అలాగే సాగుతుంది. ఆ ఇంటి పెద్దమ్మకు నోటీసు వస్తే భయపడిపోతుంది. ముందే కూర్చుని గడి మార్చి పెట్టడం పిల్లల బాధ్యత.

నోటీసు వచ్చాక ఏ తలుపు తట్టాలన్నది నోటీసులోని సెక్షన్ చెబుతుంది. 139(9) అయితే సరిదిద్దిన రిటర్నును ఆ నోటీసుకు జవాబుగా పంపాలి. 143(1)(ఎ) అయితే శాఖ ఫలానా మార్పు చేయబోతున్నామని ముందుగా అడుగుతున్నట్టు. ఒప్పుకోవడానికో కాదనడానికో 30 రోజులు ఉంటాయి. ప్రాసెసింగ్ పూర్తయ్యాక రికార్డులోనే తప్పు కనబడితే సెక్షన్ 154 కింద సవరణ కోరవచ్చు; ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు దానికి వీలుంది. ఏ నోటీసూ రాకముందే తప్పు మనకే దొరికితే, 2024-25 ఆదాయానికి 2025 డిసెంబరు 31 వరకు రివైజ్డ్ రిటర్ను వేసుకునే వీలుండేది.

కొన్ని తప్పులు రిటర్ను ఎన్నిసార్లు మార్చినా పోవు. పన్ను పట్టిన ఆఫీసు త్రైమాసిక లెక్కలో పాన్ నంబరు తప్పు కొడితే, కోసిన డబ్బు ఇంకెవరి ఖాతాలోనో కనబడుతుంది. దాన్ని ఆ ఆఫీసే సవరించాలి. పింఛనుదారు చేయగలిగింది, పింఛన్ స్లిప్పులు జతచేసి రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవడం. పట్టుకున్న పన్నును మళ్లీ ఆయన దగ్గరే వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతుంది. ఆ సెక్షన్ నంబరు గుర్తుంచుకోవడం మంచిది.

75 ఏళ్లు నిండి, ఒకే బ్యాంకులో పింఛన్, వడ్డీ తప్ప ఇంకే ఆదాయం లేనివాళ్లు ఆ బ్యాంకుకు ఫారం 12బిబిఎ ఇస్తే సెక్షన్ 194పి కింద బ్యాంకే పన్ను లెక్కగట్టి కడుతుంది; రిటర్ను అవసరం లేదు. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న ఈ సౌకర్యం అర్హులందరికీ తెలియాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారతాయి. పాత ఏళ్ల రిటర్నులకు పాత నంబర్లే వర్తిస్తాయి.

పన్ను నోటీసు పేరుతో ఫోన్లో డబ్బులు అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అసలు నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, 2019 అక్టోబరు 1 నుంచి అది తప్పనిసరి. పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ సంఖ్య కొట్టి, నోటీసు నిజమో కాదో చూసుకోవచ్చు. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు, ఆఫీసరునని చెప్పుకున్నవాడికైనా సరే.