జింక వేటకి ట్రీ స్టాండ్ కొంటున్నారా? సీటు కాదు, ముందు ఎక్కే దారి చూడండి

 

ఈ మధ్య ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను కూడా ఇక్కడ జార్జియాలోనే ఉంటా. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, లైసెన్స్ వచ్చింది. ఆన్‌లైన్‌లో ట్రీ స్టాండ్‌లు చూస్తే వందల రకాలున్నాయి. ఏది కొనమంటావు?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఇండియాలో చూస్తున్నవాళ్ళకి ఒక్క మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర జింకని వేటాడటం నేరం, జైలుకి పోతారు. నేను చెప్పేది అమెరికాలో లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో వేటాడేవాళ్ళకి. ఇక్కడ ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఫెడరల్ చట్టం మామూలుగా మిమ్మల్ని తుపాకీ ముట్టుకోనివ్వదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అయినా ముందు లాయర్‌తో మాట్లాడండి.

సరే, ట్రీ స్టాండ్ అంటే ఏంటి? మన జొన్నచేలో పిట్టల్ని తోలడానికి మంచె వేస్తారు కదా, అలాంటిదే. కాకపోతే చెట్టుకి కట్టుకుంటాం, పని అయ్యాక విప్పి భుజాన వేసుకుని వస్తాం. జింక ఎక్కువగా తన కంటి ఎత్తులోనే ప్రమాదాన్ని వెతుకుతుంది. 15, 20 అడుగుల పైన కూర్చుంటే మనం దాని చూపులో పడే అవకాశం తగ్గుతుంది, మన వాసన కూడా కొంత పైనుంచే పోతుంది. పైగా గుండు నేల వైపు పోతుంది కాబట్టి దూరంగా ఉన్నవాళ్ళకి కూడా మంచిది.

ఇప్పుడు అసలు విషయం. షాపుకి పోతే అందరూ సీటు మెత్తగా ఉందా, గన్ ఆనించుకోవడానికి రైల్ ఉందా అని చూస్తారు. అవి కూడా కావాలి, కాదనను. కానీ స్టాండ్ మీద కదలకుండా కూర్చున్నవాడు పడేది తక్కువ. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన మీంచి స్టాండ్ మీదకి కాలు మార్చేటప్పుడే ఎక్కువ మంది పడతారు. 20 అడుగుల నుంచి జారితే నేలకి చేరడానికి ఒక సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. నేలకి తగిలే వేగం గంటకి దాదాపు 39 కిలోమీటర్లు. వెన్నెముక పోతే జీవితం వీల్‌చెయిర్‌లోనే. అందుకే నేను చెప్పేది ఒకటే: పైకి ఎలా ఎక్కుతారు, కిందికి ఎలా దిగుతారు అన్నది చూసి స్టాండ్ కొనండి.

రకాలు చూద్దాం.

ఒకటి, లాడర్ స్టాండ్. నిచ్చెన, దానిపైన సీటు. ఎక్కడం తేలిక, కొత్తవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. కానీ బరువు 50 పౌండ్ల పైమాటే, కొన్ని 100 దాటతాయి. నిలబెట్టడానికి ముగ్గురు ఉంటే మంచిది. దీన్ని అడవిలో మైలు దూరం మోయలేం. స్నేహితుడి పొలంలో సీజన్ అంతా ఒకేచోట కూర్చునేవాళ్ళకి సరిపోతుంది.

రెండు, క్లైంబర్. ఇందులో రెండు ముక్కలుంటాయి. పైది సీటు, కిందది కాళ్ళు పెట్టే ప్లాట్‌ఫాం. రెండిటికీ చెట్టు చుట్టూ తిరిగే కేబులో, చైనో ఉంటుంది. పై ముక్క మీద బరువు వేసి, కాళ్ళతో కింది ముక్కని పైకి లాగాలి. తర్వాత నిలబడి పై ముక్కని జరపాలి. అలా గొంగళిపురుగులాగా ఎక్కుతాం. బరువు 20 పౌండ్లు అటూ ఇటూ, ఒక్కరే మోసుకెళ్ళొచ్చు. కానీ చెట్టు నిటారుగా ఉండాలి, కింది కొమ్మలు ఉండకూడదు. జార్జియాలో లోబ్లాలీ పైన్ చెట్లు దీనికోసమే పుట్టినట్టు ఉంటాయి. జింకలు మాత్రం వైట్ ఓక్ కాయలకి వస్తాయి, ఆ చెట్టుకేమో కొమ్మలెక్కువ. అందుకని ఓక్‌కి దగ్గరలో ఉన్న పైన్‌ని చూసుకోవాలి. ఊడిపోయే బెరడున్న చెట్టు, మంచు పట్టిన చెట్టు వద్దు, పళ్ళు పట్టు దొరక్క జారతాయి. ఎక్కే ముందు రెండు ముక్కల్నీ తాడుతో కలిపి కట్టాలి. లేదంటే కాళ్ళ కింద ప్లాట్‌ఫాం జారి కిందపడితే మీరు పైనే ఇరుక్కుపోతారు.

మూడు, హ్యాంగ్-ఆన్. చిన్న ప్లాట్‌ఫాంని స్ట్రాప్‌తో చెట్టుకి బిగిస్తాం. ఎక్కడానికి క్లైంబింగ్ స్టిక్స్ వేరే కొనాలి. కొమ్మలున్న చెట్టుకీ, కాస్త వంకరగా ఉన్న చెట్టుకీ పనికొస్తుంది. కానీ చెట్టు మీద వేలాడుతూ రెండు చేతులతో బిగించాలి కాబట్టి నడుముకి లైన్‌మన్ బెల్ట్ తప్పనిసరి. చివరి స్టిక్ ప్లాట్‌ఫాం కంటే పైకి ఉండేట్టు కట్టండి. అప్పుడు స్టాండ్ మీదకి కిందికి అడుగు వేస్తారు, ఎగబాకే పని ఉండదు.

శాడిల్ అని ఇంకోటి కూడా ఉంది. సీటు బదులు నడుముకి కట్టుకునే గుడ్డ ఊయలలాంటిది. చాలా తేలిక. కానీ తాళ్ళ పని బాగా అలవాటైతేనే, అదీ నేలకి రెండు అడుగుల ఎత్తులో చాలాసార్లు ప్రాక్టీస్ చేశాకే.

ఇప్పుడు బరువు లెక్క. చాలా స్టాండ్‌ల మీద 300 పౌండ్లు అని రాసి ఉంటుంది. అది మీ ఒంటి బరువొక్కటే అనుకోకండి. మనిషి 95 కిలోలంటే 209 పౌండ్లు. చలి బట్టలు, బూట్లు 12, బ్యాగ్ 15, స్కోప్‌తో రైఫిల్ 9 వేసుకోండి. 245 అయింది. ఇంకా బరువున్నవాళ్ళు ఎక్కువ రేటింగ్ ఉన్నదే తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి వస్తుందని ఎగబడకండి. స్ట్రాప్‌లు ఎండకి పాడవుతాయి, కేబుల్ పైన ప్లాస్టిక్ బాగానే ఉన్నా లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. అమెరికా కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌ని వెనక్కి పిలిచారేమో ఫోన్‌లోనే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని.

అన్నిటికంటే ముఖ్యం, ఫుల్ బాడీ హార్నెస్. దానితోపాటు లైఫ్‌లైన్ కొనండి. అది చెట్టు మొదట్నుంచి మీ తలపైదాకా కట్టే తాడు. దానిమీద ప్రూసిక్ ముడి ఉంటుంది. చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. లాడర్‌కీ, హ్యాంగ్-ఆన్‌కీ ఇది కావాలి. క్లైంబర్ అయితే హార్నెస్ స్ట్రాప్‌ని చెట్టు చుట్టూ వేసి, మీతోపాటే పైకి జరుపుకుంటూ పోవాలి. ఏదైనా సరే, నేల మీద కాలు తీసినప్పటి నుంచి మళ్ళీ నేల మీద కాలు పెట్టేదాకా చెట్టుతో కట్టేసి ఉండాలి. మధ్యలో ఒక్క నిమిషం కూడా విప్పొద్దు.

మన తాటిచెట్లు ఎక్కే గీత కార్మికుల్ని చూడండి. తరతరాలుగా మోకు మీదే ప్రాణం పెట్టుకుని ఎక్కినవాళ్ళు. అంత అనుభవం ఉన్నవాళ్ళు కూడా పడుతున్నారనే తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రోజూ చెట్టెక్కే వాళ్ళకే అది కావాలంటే, శనివారం ఒక్కరోజు ఎక్కే మనకి వద్దా?

పడి హార్నెస్‌లో వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది, కాసేపటికి స్పృహ తప్పొచ్చు. అందుకే హార్నెస్‌కి ఇచ్చే రిలీఫ్ స్ట్రాప్ చేతికందేలా పెట్టుకోండి. అందులో కాళ్ళు పెట్టి నిలబడి తొక్కుతూ ఉండాలి. ఫోన్ బ్యాగులో వద్దు, చేతికందే జేబులో ఉండాలి. ఏ చెట్టు దగ్గర ఉన్నారో లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పంపండి, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పండి. గన్‌ని భుజాన వేసుకుని ఎక్కొద్దు. అన్‌లోడ్ చేసి, పైకెక్కాక తాడుతో లాక్కోండి. దిగేటప్పుడూ అంతే, ముందు గన్ దిగాలి.

మరి తమ్ముడికి నా జవాబు: నువ్వు పోయేది పబ్లిక్ ల్యాండ్, ఒక్కడివే, చుట్టూ పైన్ చెట్లు. క్లైంబర్ తీసుకో. చేతిలో ఉన్న డబ్బులో ముందు హార్నెస్‌కి పక్కన పెట్టు, మిగిలినదాంట్లో స్టాండ్ చూసుకో. సీజన్‌కి ముందే పగటిపూట, గన్ లేకుండా, మూడు అడుగుల ఎత్తులో పదిసార్లు ఎక్కి దిగు. పబ్లిక్ ల్యాండ్‌లో స్టాండ్‌ల రూల్స్ రాష్ట్రానికొకలా ఉంటాయి, చాలాచోట్ల చెట్టుకి మేకులు కొట్టనివ్వరు. అవి చదువుకునే బయల్దేరు. జార్జియాలో గన్ సీజన్‌లో 500 చదరపు అంగుళాల ఆరెంజ్ రంగు ఒంటిమీద కనిపించాలి, అదీ మర్చిపోకు.

జింక ఈ వారం దొరక్కపోతే వచ్చే వారం దొరుకుతుంది ఫ్రెండ్స్. ఇప్పటికే స్టాండ్ ఉన్నవాళ్ళు ఈ రాత్రి హార్నెస్ బయటకి తీసి లేబుల్ మీద తేదీ చూడండి. చాలా కంపెనీలు 5 ఏళ్ళకి మార్చేయమంటాయి. టైం దాటి ఉంటే కుట్లు బాగున్నాయి కదా అని దాచుకోకండి, కోసేసి పారేయండి. ఇంకొకరు తీసి వాడకుండా ఉంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో గాలి వాటం చూసి చెట్టుని ఎలా ఎంచుకోవాలో చెప్తాను. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను మరి, నమస్తే.