చెవిమిషను, సెల్‌ఫోను



వృద్ధుల యోగక్షేమములనుగూర్చి నాలుగుమాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము గోరినారు. కన్ను తగ్గినవానిపై నెల్లరును జాలిపడుదురు. చెవి తగ్గినవానిని జూచి నవ్వుదురు. కావుననే వినికిడి తగ్గినవారు దానిని దాచుకొందురు. నేడు బిడ్డలు హైదరాబాదులోనో యమెరికాలోనో యున్నారు. సెల్‌ఫోనులో మనుమరాలి మాట వినబడని తాత "ఆ, ఆ" యని, ఫోను మరియొకరి చేతికిచ్చి యావలికి బోవుచున్నాడు.

చెవిమిషను పెట్టుకొన్నను ఫోను వినబడదని మాతో మొరపెట్టుకొన్నవారు పలువురు గలరు. తరచుగా లోపము మిషనులో నుండదు, ఫోను పట్టుటలో నుండును. కర్ణశష్కులిలోని యాకాశమే శ్రోత్రమని మన తార్కికులు చెప్పిరి. చెవివెనుక మిషను తగిలించుకొన్నవారికి మాత్రము శ్రోత్రము కొంచెము పైకి జరిగినదని యెరుగవలెను. మైక్రోఫోను అచ్చట నున్నది. ఫోనును చెవిరంధ్రమున కదిమిపట్టినచో మాట చక్కగా జేరదు సరిగదా, కీచుమని కూత బయలుదేరును. మైక్రోఫోనుకడకు ఫోనును జరిపి, కొంచెము ఎడముగా బట్టవలెను.

కొన్ని మిషనులలో టెలికాయిల్ అను సన్నని తీగచుట్ట యుండును. 'టి' స్థానమున బెట్టినచో, నది తగిన ఫోనులోని యయస్కాంతక్షేత్రమును నేరుగా గ్రహించును. చుట్టునున్న రొద చేరదు. తెనాలి స్టేషనులో రేపల్లె బండికై నిలిచినవాడును, సూర్యలంక గాలిలో నిలిచినవాడును మాట వినవచ్చును. కనబడకుండుటయే గుణమని మిక్కిలి చిన్నమిషను కొనువారు గలరు. అందు తీగచుట్టకు దావు చాలకపోవుట కలదు. సిగ్గున కింత వెల యేల?

పాత 2జీ ఫోనులు సెకనునకు సుమారు 217 పర్యాయములు తరంగములను విడుచుచుండుటచే మిషనులో ఝుమ్మను మ్రోత పుట్టెడిది. అమెరికాలో 1988లో చెవిమిషనులకు దగిన టెలిఫోనులకై చట్టము వచ్చెను; 2003లో సెల్‌ఫోనులకును నియమములు చేసిరి. 4జీలో నా మ్రోత చాలవరకు దగ్గినది. ఇక బ్లూటూత్ మిషనులలో మాట నేరుగా చెవిలోనికే వచ్చును. 2014 నాటికి ఆపిల్ ఫోనులకును, 2019లో ఆండ్రాయిడు 10తో ఇతర ఫోనులు కొన్నింటికిని అట్టి సౌకర్యము గలిగెను. కాని యన్ని మిషనులును అన్ని ఫోనులతో గలియవు. ఈ సంగతి యంగడివాడు తనంత జెప్పుట యరుదు.

మాన్యదాతలారా! 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో నారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ పథకమున పేదవృద్ధుల కిచ్చు పరికరములలో చెవిమిషనును గలదు. మనమును వేదికపై మిషనులు పంచుట పుణ్యమే. కాని సరిచేయువారు లేక పెట్టెలో నిద్రించు మిషను ఎవరి యుపయోగమునకు? ఈ సంవత్సరపు నిధితో పది కొనదలచినచో ఎనిమిదియే కొనుడు. మిగిలిన సొమ్ముతో ఆడియాలజిస్టును తెనాలి కొకసారి, బాపట్ల కొకసారి, రేపల్లె కొకసారి రప్పింపుడు. వృద్ధులు తమ తమ ఫోనులు వెంట దెచ్చుకొని, మిషను పెట్టుకొని, యచ్చటినుండియే బిడ్డలతో మాటలాడి చూడవలెను. మాట తెలిసిన పిదపనే మిషను వారి కీయుడు.