శనగగింజా, గులకరాయీ



ఒకటో తరగతిలో "ప్రాణమున్నవి చెప్పండి" అంటే పిల్లలు కుక్క, కోడితోపాటు ఆటో, మబ్బు కూడా చెబుతారు. కదిలేదల్లా బతికున్నట్టే వాళ్లకు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే దాదాపు వందేళ్ల కిందటే ఈ సంగతి రాశారు. చెట్టును మాత్రం చాలామంది వదిలేస్తారు, కదలదు గదా!

తప్పని కొట్టేసి చార్టు బట్టీ పట్టిస్తే పరీక్ష గట్టెక్కుతుంది, అంతే. నేను ఇద్దరికో శనగగింజ, అంతే ఉన్న గులకరాయి ఇస్తాను. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకడతాం. రెండు మూడు రోజుల్లో గింజకు తెల్లటి మొలక వస్తుంది. రాయి రాయిలాగే ఉంటుంది. ఇక ఆటో మీద తగువు మొదలవుతుంది. "అది అన్నం తినదు టీచర్!" "పెట్రోలు తాగుతుందిగా!" "అయితే పిల్ల ఆటోలు పెట్టదేం?" నేను నోరు విప్పను. ఆ తగువే పాఠం. బెంచీ చెక్క ఒకప్పటి చెట్టేనన్న మాట దగ్గర మాత్రం క్లాసంతా నిశ్శబ్దం.

బడికి పెద్ద టీవీ ఇస్తామన్న దాతలకు కృతజ్ఞతలు. కానీ ముందు ఆవరణంతా సిమెంటు చేయకుండా నాలుగు గజాల మట్టి వదిలించండి. పది కుండీలు, అయిదారు భూతద్దాలు ఇప్పించండి. గింజలు పిల్లలే ఇంటినుంచి తెచ్చుకుంటారు.