ఏటి ఒడ్డున నీడ

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖబరస్తాను పక్కన ఏటి ఒడ్డున ఒక చావడి కట్టాలని మనము మూడేళ్లుగా అనుకుంటున్నాము. జనాజాతో వచ్చినవారు ఎండలో నిలబడుతున్నారు. వానొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. ఈ ఏడు చందాలు కొంతవరకు పోగైనాయి, ప్లాను గీయించడమూ అయింది. దాన్ని గురించి మీకు వివరించే పని కార్యవర్గం మాకు అప్పగించింది. అయితే ముందుగా ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది.

నిరుడు ఖబరస్తాను పాత ప్రహరీకి మరమ్మతు చేయించాము. బీటలు, కన్నాలు అన్నీ సిమెంటుతో పూడ్పించాము. పని శుభ్రంగా ఉందని మేస్త్రీని మెచ్చుకున్నాము కూడా. మర్నాడు అసర్ వేళకు గోరువంకల జంట ఒకటి ఆ సిమెంటును ముక్కుతో పొడుస్తూ కనిపించింది. లోపలినుంచి కిచకిచలు. ఒక పిల్లవాడు పిలిచి చూపిస్తే గాని మాకు తెలియలేదు. ఉలి తెచ్చి తెరిపించేసరికి మూడు పిల్లల్లో ఒక్కటే మిగిలింది. గూటినుంచి పిల్లలను పట్టి తెచ్చినవారితో, తల్లి తల్లడిల్లుతున్నది, దాని పిల్లలను దానికి ఇచ్చేయండని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించిన హదీసు మనలో చాలామంది విన్నదే. మేమూ విన్నాము. గోడలో ఏముందో చూడాలని మాత్రం తోచలేదు.

అందుకని ఈసారి కట్టకముందే నలుగురినీ అడిగాము, నాలుగు సంగతులు చదివాము. వాటిలో ఒకటి చెబుతాము.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రాన ఆస్టిన్ అనే పట్టణం ఉంది. అక్కడ నదిమీద 1910లో కట్టిన కాంగ్రెస్ ఎవెన్యూ వంతెనను 1980లో తిరిగి బాగుచేశారు. కొత్త పనిలో వంతెన అడుగున సిమెంటు దూలాల మధ్య సన్నటి సందులు ఏర్పడ్డాయి. ముప్పాతిక అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళం దాకా వెడల్పు, సుమారు 16 అంగుళాల లోతు. ఇంజనీర్లు ఏ ప్రాణి కోసమూ ఉంచినవి కావు. గబ్బిలాలకు సరిగ్గా అలాంటివే కావాలట! వచ్చి చేరాయి. ఊళ్లోవాళ్లు హడలిపోయి, వీటిని వదిలించండి మహాప్రభో అని అర్జీలు పెట్టుకున్నారు. 1986లో మెర్లిన్ టటిల్ అనే శాస్త్రజ్ఞుడు తన గబ్బిలాల సంరక్షణ సంస్థను ఆ పట్టణానికే మార్చి, కదిలించకుండా వదిలేస్తే అవి మనజోలికి రావని ఓపికగా నచ్చజెప్పాడు. ఈనాడు వేసవిలో అక్కడ సుమారు 15 లక్షల గబ్బిలాలు ఉంటాయి. సందెవేళ అవి నల్లటి పొగలా లేచిపోతుంటే చూడటానికి జనం పిల్లాపాపలతో వంతెన మీదికి, ఒడ్డుకు చేరుతారు. రాత్రంతా అవి టన్నులకొద్దీ పురుగులను తింటాయి. అయితే చేత్తో మాత్రం ముట్టవద్దని అక్కడివారు గట్టిగా హెచ్చరిస్తారు. పిచ్చికుక్క జబ్బు వాటివల్ల కూడా రావచ్చు.

అది అనుకోకుండా జరిగింది. అనుకుని చేసినవారు మనలోనే ఉన్నారు. ఇస్తాంబుల్‌లో ఉస్కుదార్ వైపున ఉన్న అయాజ్మా మస్జిదు 18వ శతాబ్దం నాటిది. దాని గోడలకు చిన్న చిన్న మేడల్లాంటి పిట్టగూళ్లు రాతితో చెక్కి పెట్టారు, పిల్లులకు అందనంత ఎత్తున.

ఇక మన ప్లాను. మొదటి ఎస్టిమేటులో ఒడ్డు పొడవునా నిలువు సిమెంటు గోడ ఉంది. దాన్ని మేము ఒప్పుకోలేదు. లకుముకి పిట్ట ఒడ్డు మట్టిలోనే సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. సిమెంటులో ఏం తవ్వుతుంది? అందుచేత చావడి ఎదుట ఉన్నంతమేర మెట్లు కట్టి, ఎగువన మట్టి ఒడ్డును, కానుగ చెట్లను ముట్టకుండా వదిలాము. మెట్ల పక్కన రాళ్లను సున్నం లేకుండా పేర్చితే సందుల్లో కప్పలు, తొండలు ఉంటాయి. పాములూ రావచ్చు, కాదనము. అందుకే కూర్చునే అరుగు రాళ్లకు దూరంగా, ఎత్తున పెట్టించాము.

తూర్పు గోడలో కుండలు ఇమిడ్చి కడతారు. పిచ్చుకకు ఒకటింపావు అంగుళం రంధ్రం చాలు. గోరువంకకు రెండంగుళాలు కావాలి. రంధ్రం పెద్దదైతే కాకి దూరుస్తుంది ముక్కు. దీపాలు దారిమీదికి, కిందికి మాత్రమే పడతాయి, ఏటిమీదికి కాదు.

రెట్టలు పడితే నమాజు బట్టలు ఏం కావాలని పెద్దలు అడిగారు. న్యాయమైన మాటే. అందుకే కుండలన్నీ బయటివైపే, కింద పూలపాదు. జనాజా నమాజు జరిగే చోట, వజూ తొట్టి మీద ఒక్క కన్నమూ ఉండదు. గబ్బిలాలకు మనం ప్రత్యేకంగా ఏమీ కట్టడం లేదు. అంత ధైర్యం మాకింకా రాలేదు.

ఇంకొక్క మాట. ఏటివైపు గేటు పెట్టాలా వద్దా అని కార్యవర్గంలో వాదన నడిచింది. బట్టలుతికేవారు, చేపలు పట్టేవారు, కార్తీక స్నానానికి వచ్చేవారు అందరూ ఆ ఒడ్డునే నడుస్తారు. గేటు తీసేశాము. నీడకు తాళమేమిటి?

నిరుటి గోడలో తెరిపించిన ఆ కన్నం అలాగే ఉంచాము. ఈ ఏడు కూడా గోరువంకలు వచ్చాయి, అవేనో కాదో తెలియదు. కుండలు ఎన్ని పెట్టాలో ఇంకా తేలలేదు. మేస్త్రీ ఆరంటాడు, మేము పన్నెండంటున్నాము. ప్లాను కాగితం మస్జిదు వరండాలో అంటించి ఉంది. వచ్చే జుమాలోగా మీ మీ మాట దానిమీదే రాయండి. పెన్సిలు దారంతో కట్టి ఉంచాము.